యంత్రానికి వినడం నేర్పిన చెవి మాస్టారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం, జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం నగర నీటి సరఫరా శాఖలోని లీకుల విభాగంలో సహాయకునిగా చేరిన ఒక యువకుడు, ముప్పై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. సేవా పుస్తకంలో తల్లిదండ్రులు పెట్టిన పేరే ఉన్నది గానీ, విభాగంలో ఆ పేరుతో పిలిస్తే ఎవరూ తిరిగి చూడరు, ఆయన కూడా చూడరు. అందరికీ ఆయన చెవి మాస్టారు. ఈ వ్యాసంలోనూ ఆ పిలుపునే వాడుకోవడానికి వారి అనుమతి తీసుకోవడం జరిగింది.

మా శాఖ పత్రిక ఈ సంచికను చదివే కుటుంబ సభ్యుల కోసం మా పని గురించి ఒక మాట చెప్పాలి. నేల కింద గొట్టం పగిలితే, నీరు పైకి ఉబికేదాకా ఆగకుండా, ఎక్కడ కారుతోందో ముందుగా కనిపెట్టడం లీకుల విభాగం బాధ్యత. తెల్లవారుతుండగా, వాహనాల రొద మొదలుకాక ముందే, పొడవాటి ఇనుప చువ్వకు పైన చెక్క గిన్నె బిగించిన సాధనాన్ని వాల్వు మీద నిలిపి, గిన్నెకు చెవి ఆనించి వినాలి. దానిని మేము చెవికర్ర అంటాము. మాస్టారికి మొదటి ఏడాదంతా ఆ కర్రను మోయడమే దక్కింది. వినే భాగ్యం రెండవ ఏట కలిగింది. పదవ ఏడు వచ్చేసరికి ఆయన ప్రథమ శ్రేణి శ్రోతగా నియమితులయ్యారు. ఒకసారి వీధిలో నిలబడి విని, ఎదురింటి యజమానితో "మీ ట్యాంకులో నీళ్ళాపే బంతి ఇరుక్కుందండీ, నీళ్ళు పొర్లిపోతున్నాయి" అన్నారట. ఆ పెద్దమనిషి కృతజ్ఞత చెప్పడానికి బదులు, మా మేడ ఎప్పుడు ఎక్కి చూశావని గట్టిగా తగులుకున్నాడు.

రెండు వేల పన్నెండులో శాఖ ఒక తెలివైన యంత్రాన్ని సమకూర్చుకోవాలని సంకల్పించింది. వాల్వులకు చిన్న మైకులు అమర్చితే, అవి పంపే చప్పుళ్ళను యంత్రమే విని లీకు ఎక్కడున్నదో చెబుతుంది. అయితే ఏది లీకో, ఏది కాదో దానికి ముందుగా ఎవరో ఒకరు నేర్పాలి. ఆ పని మాస్టారికి అప్పగించారు. పద్నాలుగు నెలల పాటు, దళసరి తెరలు కట్టిన గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని, పదకొండు వేల చప్పుళ్ళు విని, ఒక్కొక్కదాని ఎదుట లీకు, వాడకం, మోటారు, తెలియదు అనే నాలుగింటిలో ఒక మాటను, అవసరమైన చోట చిన్న వివరణను ఆయన నమోదు చేశారు. 'తెలియదు' మరీ ఎక్కువైపోతున్నదని, ఆ పనికి కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ నొచ్చుకున్నారు.

"ఇన్ని తెలియదులు పెడితే మిషన్ ఏం నేర్చుకుంటుంది మాస్టారూ?"

"నాకు తెలియనిది తెలుసని దానికెలా చెప్పనమ్మా? రేపు అది ఊరంతా తవ్విస్తుంది."

తోటి శ్రోతలకు ఈ పని బొత్తిగా నచ్చలేదు. "మన ఉద్యోగాలకు మనమే నీళ్ళొదులుకుంటున్నాం" అని భోజన విరామంలో ముఖం మీదే అన్నారు. "మనం చెప్పకపోతే ఎవరో వచ్చి తప్పుగా చెప్తారు. అప్పుడు ఉద్యోగాలూ పోతాయి, రోడ్లూ పోతాయి" అని ఆయన టిఫిన్ డబ్బా మూత పెట్టేశారు. వారి భయం మాత్రం ఉత్తది కాదు. తరువాతి పదేళ్ళలో పంతొమ్మిది మంది శ్రోతలు ఐదుగురయ్యారు. ఎవరినీ తొలగించలేదు, ఖాళీ అయిన కుర్చీలను నింపలేదు, అంతే. తెల్లవారుజాము తిరుగుడు పోయింది, ఫోనులో సందేశం వచ్చినప్పుడు వెళ్ళడం వచ్చింది. మిగిలిన ఐదుగురి ఉనికి ఒక్క నియమం మీద ఆధారపడి ఉండేది: యంత్రం ఎంత చెప్పినా, శ్రోత స్వయంగా విని సంతకం చేయనిదే రోడ్డు తవ్వరాదు. ఈ నియమాన్ని ఎత్తివేయడానికి సాకు కోసం పై అధికారి చూస్తున్నారని అందరికీ తెలుసు.

రెండు వేల ఇరవై మూడు ఫిబ్రవరిలో, ప్రాథమిక పాఠశాల వెనుక సందులో లీకు ఉన్నదని యంత్రం హెచ్చరించింది. మాస్టారు వెళ్ళి, విని, 'లీకు లేదు' అని సంతకం చేశారు. మరునాడు యంత్రం మళ్ళీ అదే చెప్పింది. ఈసారి ఆయన ఒక జూనియర్ శ్రోతను వెంట తీసుకువెళ్ళి, తాను విన్న తరువాత కర్రను అతని చేతికిచ్చారు.

"ఏమయ్యా, నీకేమైనా వినపడుతోందా?"

"మీకు వినపడలేదంటే లేనట్టే మాస్టారూ."

రెండవ సంతకమూ పడింది. మాస్టారు లేదన్న తరువాత యంత్రానిదే తప్పని ఇంజనీరమ్మ నిర్ధారణకు వచ్చారు. సాయంత్రంలోగా దాని సెట్టింగు తగ్గించదలచి, ఏ చప్పుడును ఆధారం చేసుకుని అది పొరబడిందో వెదికితే, మాస్టారు పదకొండేళ్ళ నాడు నమోదు చేసిన చప్పుడొకటి దొరికింది. ఆయనను పిలిచి హెడ్‌ఫోన్లు ఇచ్చారు. ఆ తరువాత జరిగినది ఆమె అనుమతితోనే ఇక్కడ రాయడమైనది.

"పెట్టమ్మా, వింటాను" అన్నారు మాస్టారు.

"వస్తోంది మాస్టారూ."

"ఇంకా మొదలైనట్టు లేదే."

"మొదలై అర నిమిషం అయింది."

తెర మీద, ఆ చప్పుడు ఎదుట, ఆయన నాడు రాసిన మాటలు ఉన్నాయి: 'లీకు. సన్నం. గోరంత పగులు.' మాస్టారు వాటిని చదివి, హెడ్‌ఫోన్లు తీసి, తీగను జాగ్రత్తగా చుట్టి బల్ల మీద పెట్టారు. విషయం అర్థమైన ఇంజనీరమ్మ ముఖం తిప్పుకున్నారు. కాసేపటికి, "ఆ పాత రికార్డు పాడైపోయిందని రాసేస్తాను. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. "పొద్దున చెప్తానమ్మా" అని ఆయన లేచారు.

ఇంట్లో జరిగిన సంభాషణను మాస్టారి శ్రీమతి చెప్పగా విన్నాము. ఆమె ఆరు నెలలుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు, డాక్టరు దగ్గరికి వెళ్ళమని. కాలింగ్ బెల్ మోగినా ఆయనకు తెలియడం లేదు.

"చెప్పేస్తే ఏమవుతుంది?" అని ఆమె అడిగారు.

"శ్రోతల చెవుల్ని నమ్మలేమని మా సంతకాలు తీసేస్తారు. ఐదుగురి పొట్ట కొట్టినవాణ్ణవుతాను."

"చెప్పకపోతే?"

"బడి గోడ కింద నేల కుంగిపోవచ్చు."

"అయితే ఇందులో ఆలోచించడానికి ఏముందండీ?" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మరునాడు ఉదయం మాస్టారు రిజిస్టరులో స్వహస్తాలతో ఇలా రాశారు: 'యంత్రం చెప్పినది సరి. సందులో లీకు ఉన్నది. నా వినికిడి తగ్గినది. నేను చేసిన రెండు సంతకాలను రద్దు చేయగలరు. నాతో వచ్చిన ఉద్యోగికి ఇందులో బాధ్యత లేదు. మాట్లాడే అవకాశం నేను ఇవ్వలేదు.' ఆ మధ్యాహ్నమే తవ్వారు. అక్కడి గోరంత పగులు అప్పటికే జానెడు పొడవైంది. బడి ప్రహరీ గోడ కింద మనిషి నిలబడేంత గుల్ల ఏర్పడింది. గోడకు అవతలి వైపు పిల్లలు రోజూ ఉదయం వరుసలు కట్టే స్థలం. బడికి రెండు వారాలు సెలవులిచ్చి గోడను తిరిగి కట్టారు.

పై అధికారి అనుకున్నంత పనీ చేయబోయారు. సమావేశంలో నియమం రద్దు ప్రతిపాదనను చదువుతుండగా మాస్టారు లేచి నిలబడ్డారు. "పోయింది నా చెవి ఒక్కటేనండీ. అందరికీ పరీక్ష పెట్టండి, తప్పినవాళ్ళని పక్కన పెట్టండి. మొదట నన్నే పెట్టండి. మిషన్‌కి కూడా ఏటేటా అదే పరీక్ష పెట్టండి" అన్నారు. ఇంజనీరమ్మ ఆయనను సమర్థించారు. ఆ పరీక్షలో ఇనుప గొట్టాల విషయంలో యంత్రం అందరినీ మించింది; కొత్తగా వేసిన ప్లాస్టిక్ గొట్టాల దగ్గర మాత్రం, ఆ చప్పుడు దానికి ఎవరూ నేర్పనందువల్ల, పది లీకులకు ఆరింటిని వదిలేసింది. మనుషులు ఒక్కటి వదిలారు. నియమం నిలిచింది, ఐదుగురిలో నలుగురు నిలిచారు. పరీక్ష తప్పినది మాస్టారు ఒక్కరే.

చివరి రెండేళ్ళు ఆయన పర్యవేక్షకుని హోదాలో, మెట్ల కింద ఉన్న పటాల గదిలో, ఏ వీధి కింద ఏ గొట్టం ఏ ఏట వేశారో జ్ఞాపకం చేసుకుంటూ పాత పటాలను సరిదిద్దారు. వినికిడి యంత్రం పెట్టుకున్నారు. అది తనకు అన్నీ వినిపిస్తోందనీ, ముఖ్యంగా శ్రీమతి గారి మాటలను వినిపిస్తోందనీ ఫిర్యాదు చేస్తుంటారు. లీకులు వినే యంత్రం మీద గానీ, శాఖ మీద గానీ ఒక్క పరుషవాక్యం ఆయన నోట రాలేదు. బాధ లేదని మాత్రం ఎవరూ అనుకోనవసరం లేదు. లీకు కబురు మీద బయలుదేరే జీపు శబ్దానికి ఆయన కిటికీ దగ్గరకు రావడం మేమందరం చూశాము.

ఇక్కడితో వ్యాసం ముగించి శుభాకాంక్షలు చెప్పడం మర్యాద. కానీ రిజిస్టరులో మాస్టారు రాసిన ఆరు వాక్యాలలో చివరిది నిజం కాదు. ఆయన అవకాశం ఇచ్చారు. కర్ర చేతికిచ్చి, నోరు తెరిచి అడిగారు. ఆనాడు వెంట వెళ్ళిన జూనియర్ ఈ వ్యాసకర్తే. గిన్నెకు చెవి ఆనించిన క్షణంలోనే సన్నని చప్పుడు తెలిసింది. ఎదురు చెప్పడం అమర్యాద అనుకుని నోరు మెదపలేదు. గోడ అవతల పిల్లలున్నారన్న సంగతి తెలిసీ మెదపలేదు. ఆయన ఖాళీ చేసిన ప్రథమ శ్రేణి స్థానంలో నేడు సంతకాలు చేస్తున్నదీ ఈ వ్యాసకర్తే. ఈ రెండేళ్ళలో మాస్టారు ఆ మాట ఎత్తలేదు, ఇతడు చెప్పలేదు.

మాస్టారూ, ఆ రోజు నాకు వినపడింది. మీరు శ్రీమతి గారితో, మీ అమ్మాయితో కలిసి ఆరోగ్యంగా, సుఖంగా చిరకాలం వర్ధిల్లాలని విభాగమంతా కోరుకుంటున్నది. నేను కోరుకునేదీ అదే. నన్ను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, తనివితీరా తిట్టడానికైనా మీకు చాలా ఏళ్ళు కావాలి.