ఎడమ కాలు

నా పొట్టకి ఆ వేషం దిండు అంత బిగించి కట్టకు, విన్నీ అక్కా. ఊపిరాడొద్దూ? నిన్నా ఇంతే చేశావు, రెండో అంకమంతా ఆయాసపడుతూనే ఉన్నాను. జనం అదీ నటనే అనుకుని పగలబడి నవ్వారు.

ఏమైందని అడక్కు. కళ్లు ఉబ్బితే ఉబ్బనీ. పనిమనిషి వేషానికి ఉబ్బిన కళ్లే నప్పుతాయి.

సరే, చెప్తాను. ఎవరితోనూ అనకూడదు మరి.

నిన్న నాటకానికి మా అమ్మ వచ్చింది. అవును, మా అమ్మే. డాక్టరుగారి భార్య, ఇంగ్లండులో పోయింది అని నీకు చెప్పాను కదూ. అబద్ధం. మన మేనేజరు గార్డినర్ పేపరువాళ్లకి అల్లి చెప్పిన కథ అది, నేనూ పట్టుకు వేళ్లాడుతున్నాను. ఆన్ హడ్సన్ అన్న పేరూ నాది కాదు. అనస్తాజియా హుదాక్, ఇంట్లో నాస్త్య. మాది ఈ ఊరే, ఈ స్క్రాంటనే, బొగ్గు గనుల పక్కన వలస వచ్చిన స్లోవాకుల వీధి. నాన్న గనిలోనే పోయాడు. అమ్మ ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి నన్ను పెంచింది.

ఈ థియేటరులో నేను మొదట అడుగుపెట్టింది కూడా బట్టల మూటతోనే. నటుల చొక్కాలు అమ్మే ఉతికేది. మూట ఇచ్చేసి రాకుండా తెర పక్కన నక్కి చూసేదాన్ని. ఒకసారి ఎవరో పిల్లకి జ్వరమొస్తే పూలబుట్ట నా చేతికిచ్చి స్టేజీ మీదికి తోశారు. అంతే, ఇంక ఇంటి పని ఒంటబట్టలేదు. ఇంగ్లీషు చక్కగా పలకడం నేర్పే ఆవిడ దగ్గర నన్ను చేర్చింది అమ్మ. ఆ ఖర్చు కోసం ఇంకో రెండిళ్ల బట్టలు ఒప్పుకుంది. మరిగే నీళ్ల గంగాళం ఆవిడ కాలి మీద ఒలికింది అప్పుడే. అప్పట్నుంచీ కుంటుతుంది.

చెయ్యి ఆపేశావేం అక్కా? అర్థమైపోయిందా?

అవును. స్టేజీ మీద నేను కుంటే కుంటు మా అమ్మదే.

మర్యాదస్తుల పిల్ల వేషాలు వేసినన్నాళ్లూ నా మొహం ఎవరూ చూళ్లేదు. ఈ పనిమనిషి వేషం ఇచ్చి, నవ్వించకపోతే ఇంటికి పంపిస్తానన్నాడు గార్డినర్. అద్దం ముందు నిలబడి వెతుక్కున్నాను. ఏం దొరుకుతుంది? అమ్మ దొరికింది. ఆవిడ నడక, వచ్చీరాని ఇంగ్లీషు, చేతులు గౌనుకి తుడుచుకుంటూ క్షమించమని అడగడం. బఫెలోలో నవ్వారు. క్లీవ్‌లాండులో పడి పడి నవ్వారు. పేపర్లో నా బొమ్మ వేశారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇంకేమిటి చెప్పు?

మా ఊళ్లో ఆడతామని తెలిసినప్పుడే జ్వరమని పడుకోవాల్సింది. నిన్న పైన చవక బల్లల మీద మా వీధంతా కూర్చుంది. మధ్యలో అమ్మ, పండక్కి కట్టుకునే తలగుడ్డతో. నేను కుంటుకుంటూ వచ్చాను. కింద హాలంతా ఘొల్లున నవ్వింది. మా వీధి మాత్రం నవ్వలేదు. అమ్మ ఒక్కత్తే నవ్వింది, చప్పట్లు కూడా కొట్టింది. గుర్తుపట్టలేదులే అని నా మనసు కుదుటపడింది. ఎంత సిగ్గుమాలిన మనసో చూడు.

నాటకం అయ్యాక వెనక గుమ్మం దగ్గర నిలబడి ఉంది. గుడ్డలో కట్టి తెచ్చిన పిరోహీలు నా చేతిలో పెట్టింది, బంగాళదుంప కూరి ఉడకబెట్టిన మా పిండివంట. చల్లారిపోకుండా నాటకమంతా ఒళ్లోనే పెట్టుకుందిట. ఇంతలో గార్డినర్ వచ్చాడు. ఎవరీవిడ అన్నాడు.

చిన్నప్పుడు మా ఇంట్లో బట్టలు ఉతికేది అన్నాను.

నా నోటితోనే అన్నాను, అక్కా. అమ్మ చేతులు గౌనుకి తుడుచుకుని ఆయనకి తల వంచింది. అచ్చం నేను స్టేజీ మీద చేసినట్టే.

ఆయన వెళ్లాక దగ్గరికొచ్చి మెల్లగా అంది. "బాగా చేశావే, నాస్త్యా. కానీ నాకు కాలింది ఎడమ కాలు. నువ్వు కుడి కాలు కుంటుతున్నావు."

అమ్మ ఎదురుగా నడిచొస్తున్నట్టు కనిపించేదాకా అద్దంలో చూసుకుంటూ సాధన చేశాను మరి. అద్దంలో కాలు మారిపోతుందని తట్టలేదు. తిట్టినా బావుండేది. తల కొట్టేసినట్టయింది నాకు. రేపూ వస్తానని చెప్పి, కుంటుకుంటూ వెళ్లిపోయింది.

అదిగో, గంట కొట్టారు. పైన కూర్చునే ఉంటుంది ఈపాటికి. కుంటకుండా మామూలుగా నడిస్తే గార్డినర్ రేపే ఇంటికి పంపిస్తాడు. అందుకు తెగించేదాన్నే అయితే నిన్ననే అమ్మని అమ్మ అనేదాన్ని.

ఏం చెయ్యమంటావు?

ఎడమ కాలే కుంటుతాలే. అమ్మ దిద్దింది కదా. ఆ దిండు ఇంకాస్త బిగించు.