రెండోసారి వేసిన కుట్లు

ఈ సన్మానసభకు పెద్దగా కూర్చున్న ఆసుపత్రి డైరెక్టరు క్రైసోర్న్‌గారికి, ముందు వరసలోని పెద్దలకి, డ్యూటీ మధ్యలో తప్పించుకొచ్చి గోడవారన నిలబడ్డ నర్సమ్మలకి, నాలాగే ఏదో ఒకనాడు ఇక్కడి ఆపరేషన్ బల్లమీద పడుకుని లేచిన స్నేహితులకి, మెడనిండా మల్లెదండలతో తల కూడా తిప్పలేకుండా ఉన్న మా డాక్టరమ్మ విలైలక్‌గారికి నమస్కారం.

నా పేరు ఒరపిన్. మన పిట్సనులోక్ మునిసిపాలిటీ కొలనులో ఈత నేర్పుతాను. ఇక్కడున్న వాళ్ళలో సగంమందిమీద అరిచినదాన్నే కాబట్టి మైకు పోయినా నా గొంతు మీకు వినిపిస్తుంది. (నవ్వులు) ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళు డాక్టరమ్మ కాలిన చేతుల్ని ఎలా బాగుచేశారో, చీలిన పెదవుల్ని ఎలా కలిపారో చెప్పారు. నేను చెప్పాల్సింది నా రొమ్ముల గురించి. డైరెక్టరుగారూ, మంచినీళ్ళు మీ కుడిపక్కనే ఉన్నాయి. (పెద్దగా నవ్వులు)

"పేరెందుకక్కా, ఎవరో ఒక పేషెంటు అని చెప్పరాదూ?" అని ఇందాక నర్సు సాయ్‌ఫోన్ నా చెవిలో అంది. ఎందుకమ్మా? ఒళ్ళు నాది, మచ్చలు నావి, సిగ్గుపడ్డ రెండేళ్ళూ నావే. చెప్పే హక్కు కూడా నాదే.

కవలలకి పాలిచ్చి, తర్వాత పద్దెనిమిది కిలోలు తగ్గాక, నలభై మూడేళ్ళ వయసులో అద్దంలో చూసుకుంటే నా ఛాతీ నాది కాదనిపించింది. ఇంకో ఉద్యోగమైతే వదులుగా ఒక చొక్కా తగిలించుకుని సరిపెట్టుకునేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఈతబట్టల్లో జనం ముందు నిలబడేదాన్ని, ఎక్కడ దాచను? బాంకాక్‌లో ఒక అందాల క్లినిక్‌కి వెళ్ళాను. పేరు అడక్కండి. చనుమొన చుట్టూ గుండ్రంగా కోసి, సంచి మూతికి దారం లాగినట్టు చర్మాన్ని బిగించి, "ఒక్క చిన్న గీతే, మచ్చ కనబడదు" అన్నారు. చిన్న గీత అనగానే నేనూ పడిపోయాను. తప్పు నాలోనూ ఉంది.

ఆరునెలలు తిరక్కుండానే ఆ చర్మం సాగిపోయింది. గుండ్రటి మచ్చ నాణెమంత వెడల్పయింది. పైభాగం చదునై, బరువంతా కిందికి జారి, ఎడమది కుడిదానికన్నా అంగుళం కిందికి దిగింది. మళ్ళీ వెళ్తే క్లినిక్‌లో ఆ అమ్మాయి నవ్వుతూనే అంది: "మీ చర్మమే అంత మెత్తన మేడం. కావాలంటే అదే మళ్ళీ ఉచితంగా చేసిపెడతాం."

అప్పట్నుంచి నేను నీళ్ళలోకి దిగడం మానేశాను. పెద్ద టీషర్టు వేసుకుని గట్టుమీద నిలబడి అరిచేదాన్ని. ఈత మాస్టారు ఏడాదిపాటు తడవకుండా ఉంటే ఎవరు ఊరుకుంటారు? "టిక్కెట్ల కౌంటర్లో కూర్చుంటారా?" అని ఆఫీసువాళ్ళు మర్యాదగానే అడిగారు. మా ఆయన థవత్, అదిగో ఆ నీలం చొక్కా, అప్పుడు ఒక మాటన్నాడు. "నాకు బాగానే ఉన్నావు కదా, మళ్ళీ ఎందుకు కోయించుకోవడం?" "నీకోసం కాదయ్యా" అన్నాను. మూడురోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు తనే బండి తీసి, "ఎక్కు, పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉందట" అన్నాడు. (చప్పట్లు) తల దించుకోకు థవత్, నిన్నే.

డాక్టరమ్మ చాలాసేపు చూశారు. తర్వాత, "ఉన్నది ఉన్నట్టు చెప్పనా, మెత్తగా చెప్పనా?" అన్నారు.

"ఉన్నది ఉన్నట్టే చెప్పండి."

"చర్మం బరువు మోయదు ఒరపిన్. మోయిస్తే సాగుతుంది. మళ్ళీ అదే పద్ధతిలో చేస్తే మళ్ళీ ఇదే జరుగుతుంది. లోపలి కండని పైకెత్తి, రెండు వైపుల నుంచీ దగ్గరికి తెచ్చి, దానికి దాన్నే ఆసరాగా కుట్టాలి. గీత ఒకటి కాదు, మూడు. చుట్టూ ఒకటి, నిలువునా ఒకటి, కింది మడతలో ఒకటి. మచ్చలు పెరుగుతాయి. కానీ ఆకారం నిలుస్తుంది."

"అయితే రేపే చేసెయ్యండి."

"రేపా? పాత మచ్చ మెత్తబడేదాకా ఆరునెలలు ఆగాలి. నువ్వు దొంగచాటుగా కాల్చే సిగరెట్లు మానాలి." అంత సబ్బుతో కడుక్కుని వెళ్ళినా ఎలా పట్టేశారో నాకు ఈరోజుకీ తెలీదు. (నవ్వులు) "ఇంకొకటి. మొదటి ఆపరేషన్ కాగితాలు కావాలి. చనుమొనకి రక్తం ఏవైపు నుంచి వచ్చేలా వదిలారో తెలీకుండా నేను కత్తి పెట్టను. ఆ దారి తెగితే అది నల్లబడి చచ్చిపోతుంది. నాకు అందంకన్నా ముందు అది బతకడం కావాలి."

క్లినిక్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. ఫైలు కనబడటం లేదన్నారు. సాయ్‌ఫోన్ సెలవుపెట్టి నాతో బాంకాక్ వచ్చింది. ఇద్దరం వాళ్ళ తెల్లటి సోఫాలో కూర్చున్నాం. సంచిలోంచి మన ఎండు అరటిపళ్ళు తీసి, వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒకటిచ్చి పలకరించేదాన్ని. "దేనికొచ్చావమ్మా? ఓ, రొమ్ములకా? నేనూ ఇక్కడే చేయించుకున్నాను. పక్కగదిలోకి రా, చూపిస్తాను." (నవ్వులు, చాలాసేపు చప్పట్లు) పది గంటలకి కూర్చున్నాం. పన్నెండు కాకముందే ఫైలు కనబడింది.

ఆపరేషన్ గురించి నాకేం తెలుసు, నిద్రపోయాను. సాయ్‌ఫోన్ చెప్పిందే చెప్తాను. డాక్టరమ్మ సగంలో ఆపి, మత్తులో ఉన్న నన్ను బల్లతో సహా పైకి లేపి కూర్చోబెట్టించి, నాలుగడుగులు వెనక్కి నడిచి చూశారట. ఎడమవైపు కుట్లన్నీ విప్పి మళ్ళీ వేశారట. "ఈవిడ పడుకుని బతకదమ్మా, నిలబడి బతుకుతుంది" అన్నారట.

మర్నాడు పొద్దున్న కట్టు విప్పగానే డాక్టరమ్మ ముఖం మారింది. ఎడమ చనుమొన నీలంగా ఉంది. మూడు కుట్లు విప్పి, కుర్చీ లాక్కుని, నా పక్కన కూర్చుని, నిమిషానికోసారి వేలితో నొక్కి రంగు తిరిగొస్తోందా అని చూడటం మొదలుపెట్టారు. అవుట్ పేషెంట్లు కబుర్లంపుతున్నారు. "చెప్పు, ఆగమని చెప్పు" అంటున్నారు. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న మీరు, నొక్కిన ప్రతిసారీ గడియారం వైపు దొంగచూపు చూడటం నేను చూశాను డాక్టరమ్మా. అప్పుడు చూడనట్టు నటించాను, ఇవాళ చెప్తున్నాను.

"భయంగా ఉందా మీకు?" అని అడిగాను.

"ఉంది" అన్నారు. "భయం లేకపోతే ఇక్కడ కూర్చునేదాన్నా?"

నాకు వైద్యం చేసిన ఏ డాక్టరూ అంత నిజం చెప్పలేదు. ఆ మాటతోనే నా గుండె కుదుటపడిందంటే మీరు నమ్మాలి. రెండున్నర గంటలు గడిచాక ఆవిడ వేలెత్తారు, గులాబీరంగు తిరిగొచ్చింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ వచ్చింది. సాయ్‌ఫోన్ ఏడ్చింది, నేను ఏడ్చాను. డాక్టరమ్మ మటుకు లేచి, "ఆకలేస్తోంది, అన్నం ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు. (నవ్వులు)

మూడునెలల తర్వాత ఒక సోమవారం పొద్దున్న, ఎర్రటి ఈతబట్టలు వేసుకుని, టీషర్టు గదిలోనే వదిలేసి గట్టుమీదికి నడిచాను. నా తరగతిలో ఆడవాళ్ళు ఇరవైమంది నీళ్ళలో ఉన్నారు. నేనెవరినీ చూడలేదు. దూకాను. ఆ నీళ్ళు నామీద మూసుకున్నాయి. ఆ చివరిదాకా వెళ్ళి, తిరిగి ఈ చివరికొచ్చి, మళ్ళీ వెళ్ళాను. పాఠం మరిచిపోయాను. ఇరవైమందీ పక్కకి తప్పుకుని దారిచ్చారు. (చప్పట్లు) టిక్కెట్ల కౌంటర్లో ఇప్పటికీ వేరేవాళ్ళే కూర్చుంటున్నారు!

అన్నీ అద్భుతంగా ఉన్నాయని అబద్ధం చెప్పను. ఎడమవైపు కింది మచ్చ ఇంకా తాడులా లావుగానే ఉంది, చలికాలంలో దురద కూడా. ఆఖరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మే అన్నారు, "నేను చేసినవాటిలో ఇది అన్నిటికన్నా అందమైనది కాదు ఒరపిన్. ఎన్నాళ్ళు నిలబడుతుందో చూడాలి" అని. ఇక్కడున్న కుర్రడాక్టర్లూ, ఇంకొకరు పాడుచేసిన పనితో ఎవరైనా వచ్చి మీ ముందు కూర్చుంటే, వాళ్ళకి ముందు నిజం చెప్పండి, తర్వాతే కత్తి తియ్యండి.

ఇంత సాహసంగా మాట్లాడనిచ్చిన డైరెక్టరుగారికి, ఓపిగ్గా విన్న మీ అందరికీ, నాతో పాటు బస్సెక్కిన సాయ్‌ఫోన్‌కి, నాలుగోరోజు బండి తీసిన మా ఆయనకి నా కృతజ్ఞతలు. డాక్టరమ్మా, మీకు చేతులెత్తి దణ్ణం పెడుతూ, మీరు చూడాలన్నదానికి జవాబు చెప్పి సెలవు తీసుకుంటాను.

అయిదేళ్ళయింది. నిలబడే ఉన్నాయి. (నవ్వులు, అందరూ లేచి చప్పట్లు)

సెలవు.