సాయబు ఇచ్చిన రెండో డబ్బ

గల్ఫ్‌లోని సీబ్‌లో, కొరియర్ ఆఫీసు ముందు ఆగిన కారు. డ్రైవర్ లింబాద్రి, పక్క సీట్లో తోటపని చేసే తమ్ముడు భూమేశ్. ఇద్దరికీ కొలువు ఒకే ఐరిష్ సాయబు ఇంట్లో.

"గదే అడుగుతున్న అన్నా. సాయబు రెండు డబ్బలిచ్చిండా, ఒక్కటా?"

"ఎండకు దిమాగ్ ఖరాబైందారా? ఒక్కటే. నాది పంపుతున్న, అయిపాయె."

"పొద్దుగాల చెట్లకు నీళ్లు పడ్తుంటే సాయబే వచ్చిండు. భూమేశ్, పుల్ల బుగ్గల తిప్పినవా అనడిగిండు. గందుకే పైపు బంద్ జేసి నీ కారెక్కిన."

"ఆయనకు మతిమరుపు."

"ఆయనకా? ఆరు తరాల తాతల పేర్లు నోటికి జెప్పే మనిషికి మతిమరుపా?"

"ఒంటిగంటకు వీళ్లు బంద్ జేస్తరు. నేను పోయొస్త, నువ్వు ఏసీల కూసో."

"నువ్వే కూసో. ఏముంటదట గా డబ్బల?"

"దూదిపుల్ల. బుగ్గ లోపల తిప్పి గొట్టంల వెయ్యాలె. తండ్రి నుంచి కొడుక్కు, కొడుకు నుంచి వాని కొడుక్కు ఒక గుర్తు పోతదట, ఇంటిపేరు లెక్కనే. సాయబు ఇంటిపేరు డోలన్ గదా. ఏ దేశంల ఉన్న డోలనోళ్ల పుల్లలైనా తెప్పిచ్చి, ఎవరు ఏ కొమ్మోళ్లో, మొదలు ఏ ఊరోళ్లో తీస్తున్నడు."

"మన పుల్లలెందుకు ఆయనకు?"

"ముచ్చటకు. అన్నదమ్ములది ఒక్క తీరుగ ఎట్లొస్తదో చూపిస్త అన్నడు."

"అన్నదమ్ములది. అంటే ఇద్దరిది. నీ నోట్లెకెళ్లే వచ్చె."

"జర ఏసీ పెంచు."

"నీ సీటు కింద చెయ్యి పెట్టనా?"

"పెట్టకు."

"పెట్టిన. ఇగో. మీద నా పేరు రాసున్నది. సీలు గూడ తియ్యలే."

"ఇటియ్యి తమ్మీ."

"ఇయ్య. చిన్నప్పటి సంది నీకు ఇచ్చుడే అయింది. సైకిల్ నీకు. కొత్తంగి నీకు, అది నీకు పొట్టిగైనంక నాకు. నాయినకు కొరివి నువ్వు పెడితివి, నేను ఈ దేశంలనే సహంల సైట్ మీద నిలవడి ఫోన్ల చూస్తి. ఊరంత నిన్నే అంటరు, అచ్చం నాయిన లెక్కనే, పోచన్న నడకే అని. నన్ను ఒక్కడన్న అన్నడా? కడుపు మండుతదే అన్నా. దాచుడెందుకు, మండుతది. ఆఖరికి దూదిపుల్ల గూడ నీకొక్కనికేనా?"

"దూదిపుల్లకు గింత లొల్లా?"

"పుల్లకు కాదు. ఎందుకు దాచినవో చెప్పు."

"సాయబు పుల్లది రిపోర్ట్ మొన్న వచ్చింది, ఎరికేనా? డోలనోళ్లతోని కలువలే. మెక్‌గవర్నోళ్లతోని కలిసింది. ఆరు తరాల కింద డోలనోళ్ల ఇంట్ల పక్కింటి మెక్‌గవర్నోళ్ల పిల్లగాన్ని సాదుకుని తమ పేరు పెట్టుకున్నరట. ఇరవై ఏండ్ల సంది పేరు ఎతికి ఎతికి, ఆ పేరే తనది కాదని తేలింది. రెండు రోజులు బువ్వ ముట్టలే. ఎనుక సీట్ల కూసుని, నేనెవన్ని లింబాద్రీ అనడిగిండు. డ్రైవర్‌ను, నేనేం జెప్పాలె?"

"అయితే మనకేంది?"

"ఇద్దరిది పంపితే మనది గూడ కలువది."

"ఎందుకు కలువది?"

"కలువది అంతే."

"అన్నా. మొకం ఇటు తిప్పి చెప్పు."

"నన్ను సాదుకున్నరురా. అవ్వకు కడుపు పండకుంటే తెచ్చుకున్నరు. నేనొచ్చినంకనే నువ్వు పుట్టినవ్. పోచన్న కొడుకువు నువ్వే. చాలునా?"

"నువ్వా?"

"నేనే. ఇగ కడుపుమంట బంద్ చెయ్యి."

"మరి నాయిన నడక నీకెట్లొచ్చింది?"

"ఎనుక ఎనుక నడిస్తే వచ్చింది. డబ్బ ఇటియ్యి."

"నీకు అబద్ధం చెప్ప రాదే అన్నా. అవ్వ పోయే ముంగట ఫోన్ల నాకంత చెప్పింది. నీ ఎనుక పుట్టినోడు పురిట్లనే పోయిండట. చేపిన పాలు ఎటు పోవాలె అని, తల్లిలేని నన్ను తెచ్చుకున్నదట. తెచ్చుకున్నది నిన్ను కాదు, నన్ను."

"ఎరికేనా నీకు?"

"నాలుగేండ్లాయె."

"ఎరికుండి గీ డబ్బ ఎందుకురా నీకు?"

"జొరం మీద అవ్వ ఏదో కలవరించిందేమో, గీ పుల్లన్న నన్ను నీ తమ్మున్ని అంటదేమో అని."