ఒక్కడికే చోటున్న బండి

ఆస్ట్రేలియాలో విక్టోరియా కొండల కింది ఊళ్ళో నెవిల్ షెడ్డు. జూన్ నెల, శనివారం పొద్దున. అతని వదిన లోరైన్ సంచి భుజాన వేసుకుని బండి పక్కన నిలబడింది.

"కుదరదంటే కుదరదు వదినా. ముందా సంచి కింద పెట్టు, భుజం లాగేస్తుంది."

"పెడితే బండిలోనే పెడతాను. తలుపు తియ్యి నెవిల్."

"పొద్దున్నే కాటా మీద తూయించుకొచ్చాను. ఇది మొయ్యగలిగిందంతా సామాన్లే తినేశాయి. ఇంక డ్రైవరు ఒక్కడి బరువుకే లెక్క మిగిలింది."

"ఒక్కడికా! ఏనుగంత బండి పెట్టుకుని?"

"ఏనుగయితే మాత్రం? ఇంతకు మించి ఎక్కించకూడదని రాసిపెట్టి ఉంటుంది. ముందు ఇనుప బంపరు, అడుగున రేకులు, రెండో డీజిల్ ట్యాంకు, వెనక సొరుగులు, పైన డేరా, బురదలోంచి లాగే విన్చ్..."

"ఆగాగు. నాకు విన్చ్ కథ చెప్పకు. వేసవిలో ఏమన్నావు? విన్చ్ ఒక్కటీ బిగించనీ వదినా, తీసుకెళ్తా అన్నావు. విన్చ్ వచ్చింది. తర్వాత రెండో బ్యాటరీ అన్నావు. తర్వాత టైర్లు. మాట మీద నిలబడతావని ఎదురుచూస్తూ కూచున్నా, పిచ్చిదాన్ని."

"కొండల్లో వేటకెళ్ళే బండి వదినా. ఏ ఒక్కటి లేకపోయినా..."

"వేటకా? ఏడాదిగా ఆ తుపాకి బీరువాలోంచి బయటికి తీశావా?"

"కొంచెం జరుగు వదినా, ఈ బోల్టు బిగించాలి."

"తీశావా?"

"తియ్యలేదు."

"పోన్లే, నీ వేటతో నాకేం పని. ఆ ఏటి ఒడ్డున మీ అన్న క్లెమ్ పడిపోయిన చోటు ఒక్కసారి చూస్తానంటున్నా. మొగుడు పోయిన చోటు పెళ్ళాం చూడాలనుకోవడం తప్పా? ఈ సోమవారం దాటితే చలికాలమని కొండదారుల గేట్లకి తాళాలేస్తారు. మళ్ళీ అక్టోబరు ఆఖరుకి గానీ తియ్యరు."

"తెలుసు."

"తెలిస్తే స్పానర్ పట్టుకో. నా బరువుకి సరిపడా ఏదో ఒకటి విప్పేద్దాం. విన్చ్ తీసెయ్."

"అమ్మో, విన్చ్ వద్దు. ఆ రోజు అన్నని వెనక పడుకోబెట్టుకుని వస్తుంటే బండి ఏట్లో దిగబడిపోయింది. పారతో తవ్వుతూ కూచున్నా."

"అయితే ఆ రెండో బ్యాటరీ."

"తవ్వుతుండగానే ఉన్న ఒక్కటీ చచ్చింది వదినా. లైట్లు వేసే ఉంచాను కదా."

"మరి ఈ పసుప్పచ్చ పెట్టె ఏమిటి?"

"గుండెకి షాకిచ్చేది. దాని మీద చెయ్యెయ్యకు."

"సీటు వెనక ఆ రేడియో?"

"అక్కడ ఫోన్లు పనిచెయ్యవు. ఎంత అరిచానో తెలుసా? గొంతు పోయేలా అరిచాను. ఎవరున్నారు, వినడానికి?"

"సరే సరే. మాంసం ఫ్రిజ్జయినా దింపు. కణుజు దుప్పిని కొట్టబోవట్లేదుగా మనం. నాలుగు రొట్టెముక్కలు, ఫ్లాస్కులో టీ చాలు."

"దాంట్లో మందులున్నాయి. చల్లగా ఉండాలవి."

"మందులా? వేట మాంసం పెట్టుకునే ఫ్రిజ్జులో?"

"ఇంజెక్షన్లు."

"నెవిల్, ఇటు చూడు. నా మొహంలోకి చూడు. ఇది వేట బండి కాదు, అంబులెన్సు. ఎవరి కోసం తయారు చేస్తున్నావయ్యా? ఆయన పోయి ఏడాది దాటింది."

"అలా అనకు వదినా."

"అంటాను. డాక్టరు నాతో ఏమన్నాడో ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. లోపల రక్తనాళం పగిలిపోయిందట. ఆసుపత్రి మెట్ల మీద పడిపోయినా మనిషి దక్కేవాడు కాదన్నాడు. నువ్వు తవ్వినా, అరిచినా, ఎగిరొచ్చినా అంతే. నిన్ను నేను ఒక్క మాటన్నానా ఏనాడైనా?"

"అనలేదు. తిట్టినా బాగుండేది."

"ఈ సంగతి చెప్తే నీ మనసు కాస్త తేలికపడుతుందనుకున్నా."

"నాకూ చెప్పాడు."

"ఎవరు?"

"ఆ డాక్టరే. ఆ రోజే చెప్పాడు."

"ఆ రోజేనా? అన్నీ తెలిసి ఇంత ఇనుము ఎక్కించావా? బరువు సంగతి మధ్యలో ఒక్కసారైనా తట్టలేదా నీకు? షాపులో కనబడ్డదల్లా బిగించేసి, చివరికి మనిషికి చోటు లేకుండా చేసుకునే వాళ్ళని చూసి మీ అన్న ఎంత నవ్వేవాడు! ఆయన తమ్ముడివై ఉండి నువ్వూ అదే పని చేశావా?"

"తట్టకపోవడమేం, తట్టింది."

"నసగకు. తట్టితే?"

"ప్రతీదీ తూచే బిగించాను వదినా. మొదట్లో అన్న కోసమే అనుకున్నా, అదీ అబద్ధం కాదు. కానీ నువ్వు అడగడానికి వచ్చినప్పుడల్లా ఇంకొకటి తెచ్చాను. పక్క సీటుకి లెక్క మిగలకూడదని."

"నా కోసమా? నేను ఎక్కకూడదనా? ఏం పాపం చేశానయ్యా నీకు?"

"నువ్వేం చెయ్యలేదు."

"మరి? ఏడుస్తున్నావా? ఏడవకు... ఏడ్చినా సరే, చెప్పి ఏడువు. క్లెమ్ పడిన చోటు నన్నెందుకు చూడనివ్వవు?"

"పోయిన అక్టోబరులో గేట్లు తీసిన రోజే ఒక్కణ్ణే వెళ్ళాను. నీకు చూపించడానికి గుర్తు పెట్టి వద్దామని. మంచు కరిగి వరదొచ్చి ఆ ఒడ్డంతా కోసుకుపోయింది వదినా. మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. అక్కడ నీళ్ళు తప్ప ఏం లేదు. నిన్ను తీసుకెళ్ళి ఏం చూపించను?"