ముఖ్తార్ ఇంటి నీలం ట్యాంకు

ఏం ట్యాంకన్నావ్? ప్రెషర్ ట్యాంకా, బావికి పెట్టేదీ? ముందు కూర్చోవయ్యా శ్రీనాథ్. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇలా సోఫాలోకి రా. అయితే నీ కెనడా బదిలీ ఖాయమైందన్నమాట. ఊరికి దూరంగా ఇల్లు, ఇంటికో బావి, చలికాలం వస్తే ట్యాంకు గడ్డకట్టి పగులుతుందని ఆ ఇల్లుగలాయన భయపెట్టాడు, ఎక్కడ పెట్టిస్తే మంచిదో చెప్పమని నువ్వొచ్చి నన్నడుగుతున్నావు. బాగుంది. ఇన్నేళ్ళుగా చలికాలమే లేని ఈ టాంపినీస్‌లో ఉడికిపోతున్నవాణ్ణి, ఫ్రిజ్ తలుపు తీస్తే తుమ్ములొచ్చేవాణ్ణి, దొరక్క దొరక్క నేను దొరికానా? ఈ మాట అడగాల్సింది మా ముఖ్తార్‌ని. ఏం లాభం, పోయి పదేళ్ళు దాటింది. నువ్వు చూసుండవు, అప్పటికి నువ్వింకా కాలేజీలో ఉండుంటావు. లీలా, అబ్బాయికి కాస్త కాఫీ ఇవ్వు, పంచదార తక్కువెయ్యి.

మా పక్క ఫ్లాటేనయ్యా. పుట్టింది కరీంనగర్, పెరిగింది హైదరాబాదు. నేను కాకినాడవాణ్ణా, ఆయన 'గట్లనా' అంటే నాకు నవ్వు, నేను 'అలాగేనండి' అంటే ఆయనకి నవ్వు. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఓ కంపెనీలో పని. దాని పేరెందుకులే, ఇప్పుడది లేదు కూడా. చలిదేశాల్లో బావులకి మోటార్లూ ట్యాంకులూ అమ్మేవాళ్ళ తరఫున ఫోన్లెత్తడం. ఇక్కడ పొద్దున్న అయితే అక్కడ సాయంత్రం, పాపం వాళ్ళు పనులు ముగించుకుని ఫోన్ చేస్తే ఇక్కడ మా ముఖ్తార్ ఇడ్లీ తిని హలో అనేవాడు. మోటారు తోడిన నీళ్ళు ఆ ట్యాంకులో ఒత్తిడి మీద నిలవుంటాయట, కుళాయి తిప్పినప్పుడల్లా మోటారు తిరగక్కర్లేదట. మనకి మేడమీద ట్యాంకెలాగో వాళ్ళకది అలాగ. ఇన్ని చెప్పేవాడు కదా, మంచుని టీవీలో తప్ప చూసిన మొహం కాదు. ఆయనకి తెలిసిన చలల్లా ఆఫీసు ఏసీ, దానికే మంకీ క్యాప్. ఎక్స్‌పో స్టేషన్లో దిగి, మాడు పగిలే ఎండలో చేత్తో మంకీ క్యాప్ పట్టుకుని బ్యాంకుల మధ్య నడిచేవాడు. ఏ పోలీసూ ఆపకపోవడం ఆయన అదృష్టం.

ఎక్కడున్నాను? ఆఁ, ట్యాంకు. కంపెనీవాళ్ళు పాత నమూనా ట్యాంకొకటి పారేస్తుంటే ఇంటికి మోసుకొచ్చాడు. నీలంది, ఇదిగో నా నడుం దాకా ఉంటుంది. వస్తువు ఎదురుగా లేకపోతే మాట రాదు రావ్ సాబ్ అని నాకో సంజాయిషీ. వాళ్ళావిడ అక్తర్ బేగం గుమ్మంలోనే నిలబెట్టేసింది. నీళ్ళు లేవు, బావి లేదు, పదకొండో అంతస్తులో దీన్ని ఏం చేసుకుంటావు అని. మన ఫ్లాట్లలో బాంబులొస్తే దాక్కోడానికని ఇనప తలుపుతో ఓ గది కట్టారు కదా, మీరందులో దేవుణ్ణి పెట్టారు, మేం సూట్‌కేసులు పెట్టాం, ఆవిడ నిండా బియ్యం బస్తాలూ మామిడికాయ జాడీలూ పెట్టింది. ట్యాంకుకి అందులో చోటివ్వలేదు. ఇంక చూడు, అది ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. ఏ రోజు ఏ ఫోనొస్తే ఆ రోజు ఈయన ఫ్లాటు ఆ ఫోన్ చేసినవాళ్ళ ఇల్లయిపోయేది. ఓసారి టీకి వెళ్ళి సోఫాలో కూర్చోబోతే, "ఆడ కాదు రావ్ సాబ్, గా సోఫా గరాజు, చలిగాలి గొడ్తది, ఇట్ల బేస్‌మెంటుల కూసోండి" అన్నాడు. బేస్‌మెంటంటే ఏంటనుకున్నావ్, వంటింటి గుమ్మం పక్కన చాప. ముచ్చెమటలు పోస్తున్నాయి నాకు, పోయి బేస్‌మెంటులో కూర్చున్నాను.

నవ్వకు, అసలు కథ ఇక్కడుంది. ఓ ఆవుల ఆవిడ ఫోన్ చేసింది. భర్త పోయాడు, ఒక్కతే పాతిక ఆవుల్ని పెట్టుకుని నెట్టుకొస్తోంది. ట్యాంకేమో బయట బావి పక్కన చెక్క షెడ్డులో ఉంది. చలి ముదురుతోంది, ఏం చెయ్యమంటారంది. లోపలికి మార్చమని చెప్పాలి, కంపెనీ నేర్పిందదే. కానీ ఆవిడ మంచు పడుతోంది, పనివాళ్ళు రారంది. మనవాడికి జాలేసి సొంత తెలివి వాడాడు. వాళ్ళమ్మ పాలు తోడుపెట్టి గిన్నెకి దుప్పటి చుట్టేదట. "ఫికర్ లేదు మేడమ్, మంచి రజాయి జూసి చుట్టున్రి" అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడులే. ఆవిడ ఇంట్లో ఉన్న మంచి రజాయి తీసి చుట్టింది.

మర్నాడు మళ్ళీ ఫోను. ట్యాంకు గడ్డకట్టింది, పైపు పగిలింది, మంచు పొయ్యి మీద కరిగించి బకెట్లతో ఆవులకి మోస్తోందట. కేకలేసుంటే బాగుండేదనేవాడు. ఆవిడ మెల్లిగా, "అయ్యా, మీరెప్పుడైనా చలి చూశారా?" అని అడిగింది. ముఖ్తార్ తల మీది మంకీ క్యాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఫోన్లన్నీ వినే పైవాడొకడుంటాడుగా, పిలిచి, ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఇంటికే అన్నాడు. అప్పటికింకా వీళ్ళకి పీఆర్, అదే ఇక్కడే స్థిరపడే అనుమతి, రాలేదు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే పాసు పోతుంది, పాసు పోతే పెట్టే బేడా సర్దుకోవడమే. అయినా ఆయన బెంగ దానిక్కాదయ్యా, ఆవుల మీద. "అవి నోరు దెరిచి అడగయి గద రావ్ సాబ్" అంటాడు.

అలా మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి పడుకోబోతే తన రజాయి లేదు. వెతికితే వంటింట్లో నేల మీదుంది, లోపల చేపలు! ఫ్రిజ్ పాడైందట, మర్నాడు చుట్టాలొస్తున్నారట, ఈవిడ మార్కెట్లో వంజరం కొని ఐసుగడ్డలతో సహా మొగుడి రజాయిలో మూటగట్టింది. ఆయన గొంతు మా ఇంటిదాకా వినబడింది, నేనూ లీలా పరిగెత్తాం. "నా రజాయిల చేపలేంది?" అని ఈయన. ఆవిడేమో తాపీగా ఉల్లిపాయలు తరుక్కుంటూ, "ఐసు కరగొద్దంటే ఏం జేస్తరు? కప్పిపెడ్తే లోపలి చల్లదనం లోపల్నే ఉంటది" అంది. అంతే. మనిషి ఆ చేపల పక్కనే కూలబడ్డాడు. నా వైపు తిరిగి, "నేను ట్యాంకుకు గాదు రావ్ సాబ్, చలికి కప్పించిన రజాయి" అన్నాడు. చిన్నప్పుడు ఐసుగడ్డని గోనెసంచిలో చుట్టి అమ్మడం మనమందరం చూసినవాళ్ళమే కదా. దుప్పటి వేడి పుట్టించదు, లోపల వేడుంటే కాపాడుతుంది. మనిషిలో ఉంటుంది, ట్యాంకులో ఎక్కడిది? కాబట్టి మనుషులు మసిలే చోటే దాన్ని పెట్టాలి.

పొద్దున్నే తనంతట తనే ఆ ఆవుల ఆవిడకి ఫోన్ చేశాడు. అలా చెయ్యకూడదట, అదో నేరం. ఇంట్లో వెచ్చటి చోటేది మేడమ్ అన్నాడు. పొయ్యి పక్క మూల అంది. అయితే అక్కడే పెట్టించండి, పొయ్యికి మరీ ఆనించకుండా, బయటి గోడకి కాకుండా లోపలి గోడకి, బావి నుంచి వచ్చే పైపు మంచు దిగనంత లోతున పూడ్పించండి అన్నాడు. ఇది నీక్కూడా చెప్తున్నాను, వింటున్నావా? ఆవిడ వీల్లేదంది. ఆ మూల మా ఆయన కుర్చీ ఉంది, దాన్ని కదపను అంది. అప్పుడు ముఖ్తార్, "మేడమ్, ఆవులు దాహంతో ఉంటే మీ ఆయన ఆ కుర్చీల కూసునేటోడా?" అని అడిగాడు. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాం. అక్తర్ బేగం ఊరగాయ జాడీలకి గుడ్డలు కట్టడం మొదలుపెట్టింది, ప్రయాణానికి. వారం తిరక్కుండా ఫోనొచ్చింది, ముఖ్తారే కావాలని. పక్క పొలంవాళ్ళు ట్రాక్టరేసుకొచ్చి, కుర్చీ జరిపి ఆ మూలకి ట్యాంకు మార్చారట, ఆవులు నీళ్ళు తాగుతున్నాయట, వినమని ఫోన్ తీసుకెళ్ళి తొట్టి దగ్గర పెట్టింది. ఈయన హెడ్‌ఫోన్లో ఆవులు నీళ్ళు తాగే చప్పుడు వింటూ కళ్ళు తుడుచుకుంటుంటే ఆ పైవాడే మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడట. ఆ తర్వాత ప్రతి చలికాలం ఆవిడ ఫోన్ చేసేది, ట్యాంకు కులాసా అని చెప్పడానికి.

ఆయన పోయాక అక్తర్ బేగంతో నేనే అన్నాను, చెల్లమ్మా, ఆ ఇనప డొక్కు ఇంకెందుకు, తీయించేస్తానని. వద్దంది. హాల్లో ఆయన కూర్చునే కుర్చీ తీసేసి, ఆ చోట ట్యాంకు పెట్టింది. రజాయి మడిచి దాని మీదేసింది. ఇప్పటికీ దాని పక్కనే కూర్చుని కూరలు తరుగుతుంది. మొన్న రంజాన్‌కి హలీం తినడానికి వెళ్ళినప్పుడు దాన్ని చేత్తో తట్టి, "జూసినవా అన్నా, ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న గడ్డ కట్టిందా?" అంది. లేదమ్మా, కట్టలేదు అన్నాను. ఇంకేమంటాను.

ఏంటీ? ఆ కుర్చీయా? తీసేసి ఏం చేసిందంటావా?

ఇందాక నువ్వు కూర్చోబోతే కాలు ఊగుతుందని చెప్పానుగా. కాఫీ తాగు, చల్లారిపోతోంది.