కరిచే బూట్లు

లెయొకాదియో ఒక్క మాట అడిగి పోదామని ఫిలెమోన్ ఇంటి అరుగు దగ్గరికి వచ్చాడు. వచ్చి గంట కావస్తున్నా ఆ మాట గొంతులోనే ఉంది. ఫిలెమోన్ నోరు తెరిచాక పక్కవాడి నోటికి సెలవేనని, పై గూడెం నుంచి దిగొచ్చినవాడికి ఏం తెలుసు?

ఒళ్లో కొత్త బూట్లున్నాయి. కొత్తవంటే అతనికి కొత్తవి. సంతలో అమెరికా పాతబట్టల గుట్టలోంచి ఏరుకున్నవి. ఈ వెరాక్రూజ్ ఎండల్లో చెరకు కొట్టేవాళ్లు తోలుబూట్లు బిగుతుగానే కొంటారు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి తొడుక్కుంటే ఎండకీ చెమటకీ వారంలో సాగి కాలికి అతుక్కుపోతాయి. అతనూ అలాగే కొన్నాడు. కాని రేపు తెల్లారి ఎక్కే బస్సు చెరకు తోటకి పోదు. కెనడాలో మంచు మధ్య క్రిస్మస్ చెట్లు నరకడానికి మేస్త్రీ ఒకడు మనుషుల్ని తీసుకుపోతున్నాడు. అక్కడికి వెళ్లొచ్చినవాడు ఈ ఊళ్లో ఫిలెమోన్ ఉన్నాడని ఎవరో చెప్పారు. బూట్లు మార్చుకోవాలంటే సంత ఎత్తేసేలోపే మార్చుకోవాలి. పొద్దు అప్పుడే చెరకు మిల్లు గొట్టం వెనక్కి వాలింది.

"దోన్ ఫిలెమోన్," అని పెద్దరికమిచ్చి పిలిచాడు, "ఈ బూట్లు కాస్త బిగు..."

"బూట్లా! అబ్బాయ్, బూట్ల సంగతి నన్నా అడుగుతున్నావు?" ఫిలెమోన్ అరుగు మీద మఠం వేసుకుని సర్దుకు కూర్చున్నాడు. "విను. నేను కొన్ననాడు ఎండ ఎట్లా ఉందో తెలుసా, సంతలో గుడ్లు బుట్టలోనే ఉడికిపోతున్నాయి. ఆ ఎండలో ఉన్ని పెట్టిన బూట్లు చూపించవయ్యా అన్నాను. కొట్టువాడు జాలిపడి మంచినీళ్లిచ్చాడు, నాకు మతిపోయిందనుకుని!"

అరుగు చివర కూర్చున్న మంగలి ట్రాన్సిటో ఫక్కుమన్నాడు. "పోలేదా మరి?"

"ఒరేయ్, గొరుగుడు తక్కువై నీకు నోరెక్కువైంది. ఆ బూట్లు చూడగానే తెలిసిపోయింది, నా కాలికే పుట్టాయని. కాలు పెడితే పోదు! పంది కొవ్వు పూశాను, పోదు. ఇద్దరు కూలీలు చెరో వైపు లాగారు, పోదు. ఆఖరికి మిల్లు ఎడ్లని కట్టి లాగిస్తే, అప్పుడు దూరింది కాలు. కరిచి పట్టుకుంది బూటు! కరవని బూటు బూటు కాదు నాయనా, చేటంత చెప్పు."

లెయొకాదియో తన బూట్ల వంక చూసుకున్నాడు. ప్రాణం కాస్త కుదుటపడింది. అయినా అడగడం మంచిదనిపించింది. "అంటే వేళ్లు కదలకపోయినా..."

"ఆగు, అసలు కథ ఇంకా రాలేదు. అంత బిగుతు కాబట్టే ఏమైందీ, మన ఊరి ఎండ లోపల ఇరుక్కుపోయింది. బయటికి పోదామంటే సందేది? ఆ ఎండతోనే విమానం ఎక్కాను, ఆ ఎండతోనే దిగాను. దిగి మంచులో అడుగేశానా, సుయ్‌మంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" చుట్ట చుట్టుకుంటున్న ఓబ్దూలియా అవ్వ అలవాటుగా అడిగింది.

"మంచు కరిగింది! అడుగేసిన చోటల్లా గుంట, గుంట నిండా వేణ్నీళ్లు. వెనక్కి తిరిగి చూద్దును కదా, ఆ ఊరి ఆడవాళ్లు వరసగా కూర్చుని నా అడుగుల్లో బట్టలుతుక్కుంటున్నారు."

"దొరసాన్లా?" అన్నాడు మంగలి.

"దొరసాన్లే! మర్నాటికి ఆ గుంటల్లో గడ్డి మొలిచింది. గడ్డికి ఆవులొచ్చాయి. వాటి వెనకాల ఎలుగుబంటి వచ్చింది, ఇంతెత్తున. వచ్చి ఏం చేసిందీ, నా బూటు మీద తల పెట్టుకుని పిల్లిలా నిద్రపోయింది. వారం తిరిగేసరికి అడుగడుక్కీ చెరకు! ఆ చలిదేశంలో చెరకు కొట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎండలు ముదిరి క్రిస్మస్ చెట్లు అమ్ముడుపోక దొర లబోదిబోమన్నాడు. 'నాయనా, ఆ బూట్లు తీసెయ్, అడివి రాసిస్తాను' అని కాళ్లు పట్టుకున్నాడు. పట్టుకుంటే చేతులు కాలాయి!"

అందరూ నవ్వారు. లెయొకాదియో కూడా నవ్వాడుగాని, ఒకటి గమనించాడు. వీళ్లు నవ్వుతూనే గుమ్మానికి కట్టిన దుప్పటి తెర వైపు చూస్తున్నారు.

"మరి నాతో మావాడూ వచ్చాడు కదా," అన్నాడు ఫిలెమోన్. ఇక్కడ ఆయన గొంతు తగ్గింది. "వాడికేం దిగులు? నా వెనకాలే, నా అడుగులో అడుగేసుకుంటూ, వేణ్నీళ్లలో కాళ్లు తడుపుకుంటూ, పాటలు పాడుకుంటూ వచ్చాడు. ఒక్క పూట చలి ఎరగడు. ఒక్క పూట! ఆ తర్వాత ఏమైందో..."

ఈసారి ఏమైందని ఎవరూ అడగలేదు.

తెర తొలగింది. లోపల్నుంచి పాతికేళ్లవాడు, ఫిలెమోన్ కొడుకు మాసెదోనియో, గోడ పట్టుకుని మడమల మీద నడుస్తూ వచ్చాడు. పాదాలు సగంలోనే ఆగిపోయాయి. రెండింటికీ వేళ్లు లేవు.

"అక్కడ నీ అడుగులు లేవు నాన్నా," అన్నాడు. కోపంగా కాదు. "నువ్వు వంటపాకలో పొయ్యి దగ్గరున్నావు. చెట్లు నరికింది నేను."

ఫిలెమోన్ పక్కకి జరిగి కొడుక్కి చోటిచ్చాడు.

మాసెదోనియో లెయొకాదియో పక్కన కూలబడి, ఒక బూటు తీసుకుని లోపల చెయ్యి పెట్టి చూశాడు. "తొడిగితే వేళ్లు కదులుతున్నాయా అన్నా?"

"లేదు."

"రాత్రికి నానబెడదామనుకున్నావా?"

"అంతేగా మరి, అందరం చేసేది."

"నేనూ నానబెట్టాను. నాన్న చెప్పాడు, చేశాను. అక్కడ తడి తోలు సాగదన్నా, గడ్డకడుతుంది. మొదటి రోజు ప్రాణం పోయేంత నొప్పి. రెండో రోజు తగ్గింది. మూడో రోజు అసలు తెలియలేదు. హమ్మయ్య, బూటు కాలికి అలవాటు పడిందనుకున్నాను." అతను బూటు తిరిగి లెయొకాదియో ఒళ్లో పెట్టేశాడు. "డాక్టరు బూట్లు కత్తెరతో కోసి తీస్తే, లోపల వేళ్లు నల్లబడి ఉన్నాయి. అలవాటు పడింది బూటు కాదు."

లెయొకాదియోకి ముందు భయం వేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. "మీ అందరికీ తెలుసు! బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తెలిసి నవ్వుతున్నారా?"

ఓబ్దూలియా అవ్వ చుట్ట పక్కన పెట్టేసింది. మంగలి తల దించుకుని, గొంతు తగ్గించి అన్నాడు, "ఈ కథ చెప్పుకోకపోతే ఆయన అన్నం ముట్టడయ్యా. రోజూ వింటాం. రోజూ నవ్వుతాం. ఇవాళ బూట్లు కొన్నవాడొకడు వచ్చి కూర్చున్నాడని మాకు తట్టలేదు. తప్పే."

లెయొకాదియో లేచాడు. మిల్లు వెనక ఆకాశం ఎర్రబడుతోంది. సంత వైపు నుంచి గుడారాల ఇనప గొట్టాలు ఊడదీస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎంత పెద్దవి తీసుకోమంటావు?" అన్నాడు మాసెదోనియోతో.

జవాబు ఫిలెమోన్ దగ్గర్నుంచి వచ్చింది. ఇందాకటి గొంతే కాదది. "రెండు సైజులు. దుప్పటి గుడ్డ కాలికి మందంగా చుట్టి తొడిగి చూడు. వేళ్లు ఆడాలి. నానబెట్టకు." చెయ్యి ఊపాడు. "పో నాయనా, పరిగెత్తు. సంతలోవాడు మూట కట్టేస్తాడు."

లెయొకాదియో బూట్లు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. నాలుగడుగులు వేసేసరికి వెనక మాసెదోనియో గొంతు వినిపించింది, చిన్నపిల్లవాడికి అన్నం తినిపించేటప్పటి బుజ్జగింపుతో.

"చెప్పు నాన్నా. నేను నీ వెనకాలే వస్తున్నాను. తర్వాత ఏమైంది?"

పరిగెడుతూనే లెయొకాదియో వీధి మలుపు దాకా చెవి అటే పెట్టాడు. పెద్దాయన గొంతు వినపడలేదు.