హుయా నాణెం

రుయాహినే అడవి అంచున ఉన్న ఇంట్లో, పొద్దువాలే వేళ అత్తాకోడళ్లు చిలగడదుంపల తొక్క తీస్తున్నారు.

"అత్తయ్యా, మీ అబ్బాయి రావిరికి పిచ్చి ముదిరింది. తను పోగుచేసే పక్షి బొమ్మల నాణేలను చేతి తొడుగుల్లేకుండా ముట్టనివ్వని మనిషి, కొత్తగా వచ్చిన వెండి నాణెం జేబులో వేసుకు తిరుగుతున్నాడు."

"ఏ పక్షిది?"

"హుయాది. ఎప్పుడో అంతరించిపోయిందిగా."

"మనవాళ్లే అంతం చేశారు. మా తాత దాని గొంతుతో ఈల వేస్తే, తోడు పిలిచిందనుకుని చేతికి అందేంత దగ్గరికి వచ్చేదట, పిచ్చిది."

"ఆ నాణెం వచ్చినప్పటి నుంచి అడవిలోంచి పిలుపు వినిపిస్తోందంటాడు."

"ఈలా?"

"కాదు, నా గొంతట. వంటింట్లోనే ఉన్నాను కదయ్యా అంటే నవ్వేస్తాడు."

"రావిరి ఏడీ?"

"ఇందాక 'వస్తున్నా, ఉండవే' అంటూ పెరటి తలుపు తీసుకుని వెళ్లాడు. అత్తయ్యా... నేను పిలవనే లేదు."